బి.ఎడ్. కాలేజీ అధ్యాపక బృందం: అర్హతల పరిశీలన నుంచి వృత్తి వికాసం దాకా

కొత్తగా బాధ్యత తీసుకున్న ప్రిన్సిపాళ్లు, ఐక్యూఏసీ (కాలేజీ అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్లు, కరెస్పాండెంట్లు పదే పదే అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరిని తీసుకోవాలి? సర్టిఫికెట్లలో ఏం చూడాలి? తీసుకున్నాక వాళ్లు ఎదిగేలా ఏం చేయాలి? వీటిని వరసగా ఒకే పనిగా చేసుకుంటూ వెళ్తే ఇన్‌స్పెక్షన్ కోసం వేరే కాగితాలు తయారుచేసే అవసరం రాదు. లిస్టులో ఉన్న మనిషి రోజూ క్లాసులో ఉండాలి. కింద రాసినదంతా అందుకోసమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని రెండేళ్ల బి.ఎడ్. కాలేజీలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఆధారం ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలు. ఉపాధ్యాయ విద్యలో మార్పులు జరుగుతున్న కాలం ఇది కాబట్టి, నోటిఫికేషన్ ఇచ్చే ముందు తాజా గెజిట్‌నూ, మీ యూనివర్సిటీ అఫిలియేషన్ షరతులనూ పక్కన పెట్టుకోండి.

## 1. ముందుగా పోస్టుల లెక్క తేల్చుకోండి

ఎన్‌సీటీఈ లెక్కలో ఒక యూనిట్ అంటే 50 మంది విద్యార్థులు. రెండు యూనిట్లు ఉంటే రెండు సంవత్సరాలకు కలిపి 200 మంది. వాళ్లకు 16 మంది ఫుల్‌టైమ్ అధ్యాపకులు ఉండాలి:

- ప్రిన్సిపాల్: 1
- విద్యా దృక్పథాలు, అంటే ఫౌండేషన్ పేపర్లు: 4
- మెథడాలజీలు, అంటే గణితం, సైన్స్, సోషల్, భాషలు: 8
- ఆరోగ్య, వ్యాయామ విద్య: 1
- చిత్రకళ: 1
- సంగీతం, నృత్యం, నాటకాల్లో ఒకటి: 1

ఒకే యూనిట్ ఉండి మొత్తం విద్యార్థులు 100 మందే అయితే అధ్యాపకులు 8 మంది.

తర్వాత టైమ్‌టేబుల్ గీయండి. వారానికి కనీసం 36 గంటల పని, ఏడాదికి కనీసం 200 పని దినాలు అని నిబంధన. ఏ పేపర్ ఎవరు చెబుతారో పేరుతో సహా రాయండి. పేరు రాయలేక వదిలేసిన గడులే మీ ఖాళీలు.

ఇంటర్న్‌షిప్ సమయాన్ని మాత్రం విడిగా చూసుకోవాలి. రెండేళ్లలో మొత్తం 20 వారాలు, అందులో రెండో ఏడాదిలోనే 16 వారాలు విద్యార్థులు స్కూళ్లలో ఉంటారు. వంద మంది వేర్వేరు స్కూళ్లలో పాఠాలు చెబుతున్న ఆ రోజుల్లో కాలేజీలో మొదటి ఏడాది క్లాసులు కూడా నడవాలి. నిజంగా పనిచేసేది అయిదుగురే అయితే ఒక్కొక్కరి మీద 20 మంది పడతారు. అప్పుడు పర్యవేక్షణ అంటే స్కూల్‌కు వెళ్లి రికార్డు మీద సంతకం పెట్టి రావడంగా మిగులుతుంది. నష్టపోయేది రేపు ఆ టీచర్ల ముందు కూర్చునే పిల్లలు.

## 2. పోస్టు వారీగా అర్హతలు

ప్రిన్సిపాల్: ఆర్ట్స్, సైన్స్, సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్, కామర్స్‌లలో ఒక దానిలో పీజీ 55 శాతంతో, ఎం.ఎడ్. 55 శాతంతో ఉండాలి. ఎడ్యుకేషన్‌లో గానీ కాలేజీలో ఉన్న మెథడాలజీ సబ్జెక్టులో గానీ పీహెచ్‌డీ కావాలి. సెకండరీ స్థాయి ఉపాధ్యాయ విద్యా సంస్థలో 8 ఏళ్ల బోధన అనుభవం తప్పనిసరి.

ఫౌండేషన్ పేపర్లు: సోషల్ సైన్సెస్‌లో పీజీ, ఎం.ఎడ్., రెండింటిలోనూ 55 శాతం. లేదా ఎం.ఏ. ఎడ్యుకేషన్‌తో పాటు బి.ఎడ్. గానీ బి.ఎల్.ఎడ్. గానీ, రెండింటిలోనూ 55 శాతం.

మెథడాలజీలు: సంబంధిత సబ్జెక్టులో పీజీ, ఎం.ఎడ్., రెండూ 55 శాతంతో. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ ఉంటే మంచిది.

ఫౌండేషన్, మెథడాలజీ పోస్టులు కలిపి చూస్తే, వాటిలో రెండు పోస్టులకు ఒక వెసులుబాటు ఉంది. సోషియాలజీ, సైకాలజీ, ఫిలాసఫీల్లో ఒక దానిలో 55 శాతంతో పీజీ, బి.ఎడ్. 55 శాతం, హైస్కూల్ స్థాయిలో 3 ఏళ్ల బోధన అనుభవం ఉన్నవారిని తీసుకోవచ్చు. చాలా కాలేజీలు దీన్ని వాడుకోవడం లేదు. సైకాలజీ బాగా తెలిసిన మనిషి ఒకరు స్టాఫ్‌లో ఉంటే చైల్డ్‌హుడ్, లెర్నింగ్ పేపర్ల స్థాయే మారుతుంది.

ప్రత్యేక సబ్జెక్టులు: వ్యాయామ విద్యకు ఎం.పి.ఎడ్., చిత్రకళకు ఎం.ఎఫ్.ఏ., సంగీత నృత్య నాటకాలకు ఆ విభాగంలో పీజీ. అన్నిటికీ 55 శాతమే.

కళల పోస్టులకు మనుషులు దొరకరని చాలామంది చెబుతారు. ముందు సరైన చోట వెతకాలి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం, సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్ ఉన్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి విభాగాధిపతులకు నేరుగా ఉత్తరం రాయండి.

ఇక జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలైన నెట్, సెట్ సంగతి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రత్యక్ష నియామకానికి నెట్, సెట్, స్లెట్‌లలో ఒకటి కనీస అర్హత అని యూజీసీ చేసిన సవరణ 2023 జూలై నుంచి అమల్లో ఉంది. తెలంగాణ సెట్‌ను ఉస్మానియా, ఏపీ సెట్‌ను ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. అభ్యర్థికి పీహెచ్‌డీ ఉండి నెట్ లేకపోతే, రాటిఫికేషన్ (నియామకానికి యూనివర్సిటీ ఆమోదం) ఇస్తారా అని మీ యూనివర్సిటీని ముందే రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో వచ్చిన హామీ ఫైల్లో పెట్టడానికి పనికిరాదు.

## 3. సర్టిఫికెట్ల పరిశీలన

ఇంటర్వ్యూ అయ్యాక తీరిగ్గా చూద్దాం అనుకోకండి. అభ్యర్థి డెమో క్లాసు చెప్పేసరికే ఈ పని పూర్తి కావాలి. లేకపోతే నచ్చిన మనిషి కోసం నిబంధనలకు సాకులు వెతకడం మొదలవుతుంది.

శాతం: 54.6ను 55గా రాయకండి. గ్రేస్ మార్కులు కలపకుండా వచ్చిన మార్కులతోనే 55 శాతాన్ని లెక్కించాలని యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు వాటిలోనే 5 శాతం సడలింపు ఉంది. సడలింపు ఇచ్చినప్పుడు దేని ప్రకారం ఇచ్చారో ఎంపిక నివేదికలో ఒక వాక్యం రాసి, కుల ధ్రువీకరణో వైకల్య ధ్రువీకరణో జత చేయండి. గ్రేడ్లు ఉంటే ఆ యూనివర్సిటీ మార్పిడి సూత్రం కాపీ కూడా తీసుకోండి.

సబ్జెక్టు పొందిక: ఎం.ఎస్సీ. బోటనీ చేసిన మేడమ్‌ను గణితం మెథడాలజీ పోస్టులో చూపడం మామూలైపోయింది. పీజీ సబ్జెక్టు, పోస్టు, టైమ్‌టేబుల్‌లో చెబుతున్న పేపర్ మూడూ ఒకే వరసలో కలవాలి.

అనుభవం: స్కూల్ అనుభవం వేరు, ఉపాధ్యాయ విద్యా సంస్థలో అనుభవం వేరు. ప్రిన్సిపాల్ పోస్టుకు కావాల్సింది రెండోది. సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఫుల్‌టైమా పార్ట్‌టైమా అన్నది ఉండాలి. ఆ కాలానికి సంబంధించిన యూనివర్సిటీ రాటిఫికేషన్ లెటర్, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అడగండి. ఒకే కాలానికి రెండు కాలేజీల అనుభవం చూపిస్తే అక్కడే ఆపేయండి.

పీహెచ్‌డీ: రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. 2009 జూలై 11కు ముందు రిజిస్టర్ అయినవారు నెట్ మినహాయింపు కోరితే, యూజీసీ పెట్టిన అయిదు షరతులు నెరవేరాయని ఆ యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి: రెగ్యులర్ పద్ధతిలో చేయడం, కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు, బహిరంగ వైవా, పరిశోధన నుంచి రెండు ప్రచురణలు, రెండు సదస్సు పత్రాలు.

పేరు: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక అక్షరంగా, పాన్‌లో పెళ్లి తర్వాత మారిన పేరు. ఇది చాలా మందికి ఉంది, ముఖ్యంగా మహిళలకు. చిన్న విషయమే గానీ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెద్ద టెన్షన్ పెడుతుంది. చేరిన నెలలోనే సరిచేయించండి. ఎన్‌సీటీఈ వెబ్‌సైట్ షరతు కూడా స్కూల్ సర్టిఫికెట్‌లో ఉన్న పూర్తి పేరునే అడుగుతుంది.

ఒక్కొక్కరి ఫైల్లో ఉండాల్సినవి:

- పదో తరగతి నుంచి పీజీ, ఎం.ఎడ్. దాకా మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీలు చూసినట్లు ప్రిన్సిపాల్ సంతకం
- నెట్, సెట్, పీహెచ్‌డీ పత్రాలు
- డిగ్రీలు నిజమైనవేనని ఆయా యూనివర్సిటీల నుంచి వచ్చిన ధ్రువీకరణ
- పాత సంస్థ రిలీవింగ్ లెటర్
- సెలెక్షన్ కమిటీ నివేదిక, నియామక ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్టు
- యూనివర్సిటీ రాటిఫికేషన్ లెటర్
- ఆధార్, పాన్, జీతం ఖాతా వివరాలు

పని పూర్తికాగానే ఒరిజినల్ సర్టిఫికెట్లు అదే రోజు తిరిగి ఇచ్చేయండి. వాటిని బీరువాలో పెట్టుకుని మనిషిని ఆపాలనుకోవడం అన్యాయం.

## 4. ప్రకటన, ఇంటర్వ్యూ, డెమో

ప్రకటనలో పోస్టు, అర్హత, జీతం మూడూ రాయండి. జీతం దాచిన ప్రకటనకు మంచి అభ్యర్థులు స్పందించరు. జీతం బ్యాంకు ఖాతాలో గానీ అకౌంట్ పేయీ చెక్కుతో గానీ ఇవ్వాలని నిబంధనే ఉంది. ఖాతాలో పూర్తిగా వేసి సగం వెనక్కి తీసుకునే పద్ధతిని ఎవరు సూచించినా ఒప్పుకోకండి. అలా నియమించిన చోట వృత్తి వికాసం గురించి మాట్లాడే అర్హత మనకు ఉండదు.

సెలెక్షన్ కమిటీలో యూనివర్సిటీ నామినీ, సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ ఎవరో ముందే ఖరారు చేసుకోండి. కనీసం ఒక మహిళ కమిటీలో ఉండాలి.

డెమో రెండు భాగాలుగా పెట్టండి. మొదటిది 20 నిమిషాలు ఎనిమిదో తరగతి పాఠం. రెండోది అంతే సమయం బి.ఎడ్. విద్యార్థులకు అదే పాఠాన్ని ఎలా బోధించాలో చెప్పడం. ఈ రెండోదే అసలు పరీక్ష. సబ్జెక్టు బాగా చెప్పే చాలామంది, పిల్లలు ఆ పాఠంలో ఎక్కడ తడబడతారో చెప్పలేరు. భిన్నాల కూడికలో పిల్లలు లవాలను, హారాలను విడివిడిగా కూడేస్తారు. ఎందుకలా చేస్తారో, దాన్ని బి.ఎడ్. విద్యార్థి ఎలా పట్టుకోవాలో వివరించగలిగిన అభ్యర్థి మీకు కావాలి.

పెళ్లయిందా, పిల్లలున్నారా, ఏ కులం అనే ప్రశ్నలు ఇంటర్వ్యూ గదిలో వినపడకూడదు. ఈ మాట కమిటీ సభ్యులకు ముందే చెప్పండి.

## 5. బృందంలో వైవిధ్యం

మన బి.ఎడ్. విద్యార్థులు రేపు ఏ స్కూళ్లకు వెళ్తారో చూస్తే వైవిధ్యం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఒక తరగతిలో తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. ఉట్నూరు వైపు గోండి, భద్రాచలం వైపు కోయ, పాడేరు వైపు కువి, సీతంపేట వైపు సవర. ఆ ఇళ్ల నుంచి వచ్చిన అధ్యాపకులు కాలేజీలో ఒక్కరూ లేకపోతే బహుభాషా తరగతి అన్న పాఠం గైడ్‌లో చదివి రాసే జవాబుగానే ఉంటుంది.

మొదట ఒక పట్టిక వేయండి. అడ్డంగా ఈ అంశాలు, నిలువుగా అధ్యాపకుల పేర్లు:

- స్త్రీలు, పురుషులు
- సామాజిక వర్గం, ప్రాంతం
- చదువుకున్న మాధ్యమం, మాట్లాడే భాషలు
- పీజీ సబ్జెక్టు, చదివిన యూనివర్సిటీ
- స్కూల్‌లో పాఠం చెప్పిన అనుభవం: ప్రభుత్వ, ప్రైవేటు, గురుకుల
- వయసు
- వైకల్యం, వారు స్వయంగా తెలియజేస్తేనే

ఈ పట్టిక ప్రిన్సిపాల్ దగ్గరే ఉండాలి, నోటీసు బోర్డు మీద కాదు. ఖాళీ కనిపించిన చోట తర్వాతి నియామకంలో దృష్టి పెట్టండి. అందరూ ఒకే యూనివర్సిటీలో, ఒకే ప్రొఫెసర్ దగ్గర చదివినవారైతే అది కూడా లోటే. అందరూ యాభై దాటినవారైతే కొద్ది ఏళ్ల తేడాతో అందరూ రిటైరవుతారు.

తర్వాత ప్రకటన వెళ్లే దారులు మార్చండి. తెలిసినవాళ్ల ద్వారా వెతికితే తెలిసినవాళ్లే వస్తారు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యా కళాశాల ఐఏఎస్‌ఈ, ఉర్దూ విశ్వవిద్యాలయం మనూ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, యూనివర్సిటీల ఎడ్యుకేషన్ విభాగాలు, గిరిజన ప్రాంతాల కాలేజీలకు ప్రకటన పంపండి.

ఆ పైన పని పంపకం చూడండి. వైవిధ్యం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ముగ్గుల పోటీ, అతిథుల స్వాగతం, సాంస్కృతిక కార్యక్రమాలు ఎప్పుడూ మేడమ్‌లకు. పరీక్షల విభాగం, కొనుగోళ్ల కమిటీ ఎప్పుడూ సార్లకు. ఎస్సీ ఎస్టీ సెల్ బాధ్యత మాత్రమే దళిత అధ్యాపకులకు ఇచ్చి, ఐక్యూఏసీకి పిలవకపోవడం. గత మూడేళ్ల కమిటీ జాబితాలు తీసి పక్కపక్కన పెట్టండి. ఏటా బాధ్యతలు మార్చండి.

అందుబాటు విషయం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ర్యాంపుతో ఆగిపోదు. దృష్టి లోపం ఉన్న అధ్యాపకులకు ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కంప్యూటర్లో ఉండాలి. మీ పాత నోట్సు అనూ ఫాంట్లలో ఉంటే స్క్రీన్ రీడర్ చదవలేదు, యూనికోడ్‌లోకి మార్చించండి. పై అంతస్తు క్లాసును కిందికి మార్చడం ఒక్క రోజు పని.

పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనిపించే చోట పెట్టండి.

చిన్న కాలేజీలో అన్ని రకాల వైవిధ్యం సాధ్యం కాదు. సవర భాష తెలిసిన స్కూల్ టీచర్‌నో, ఉర్దూ మీడియం హెడ్‌మాస్టర్‌నో గెస్ట్‌గా పిలిచి వరసగా కొన్ని క్లాసులు ఇప్పించండి. వాళ్లకు పారితోషికం ఇవ్వండి. ఫుల్‌టైమ్ లిస్టులో మాత్రం చూపకండి.

## 6. చేరిన మొదటి ఆరు నెలలు

కొత్తవారికి ఒక సీనియర్‌ను జోడించండి. మొదటి నెలలో సిలబస్, రికార్డుల పద్ధతి, ఇంటర్న్‌షిప్ స్కూళ్ల పరిచయం. రెండో నెల నుంచి ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవాలి. మొదటి సెమిస్టర్‌లో కమిటీ పనులు ఒకటికి మించి ఇవ్వకండి.

## 7. ఏడాది వికాస ప్రణాళిక

ఎక్కడ వర్క్‌షాపు జరిగితే అక్కడికి పంపడాన్ని ప్రణాళిక అనలేం. ముందు అవసరం తెలుసుకోండి. ఏడాది మొదట్లో ప్రతి అధ్యాపకుడి క్లాసు ఒకటి పరిశీలించి, ఆయనతోనే కూర్చుని రెండు లక్ష్యాలు రాసుకోండి. రెండు చాలు.

కాలేజీ లోపల: వారానికి ఒక గంట టైమ్‌టేబుల్‌లోనే కేటాయించండి. ఒక వారం ఒకరు పాఠం చెబితే మిగతావారు విద్యార్థులు ఏం నేర్చుకున్నారో గమనించి మాట్లాడాలి. మరో వారం జాతీయ విద్యా విధానంలోని ఒక భాగం గానీ ఎన్‌సీటీఈ తెచ్చిన వృత్తి ప్రమాణాల పత్రం గానీ చదివి చర్చించాలి.

స్కూల్‌లో: ఇది నా గట్టి అభిప్రాయం. మెథడాలజీ చెప్పే ప్రతి ఒక్కరూ ఏటా కనీసం రెండు వారాలు హైస్కూల్‌లో స్వయంగా పాఠాలు చెప్పాలి. బి.ఎడ్. విద్యార్థులు వెనక బెంచీలో కూర్చుని చూడాలి. పదేళ్లుగా స్కూల్ పిల్లల ముందు నిలబడని మనిషి చెప్పే మెథడాలజీలో జీవం ఉండదు. ఇంటర్న్‌షిప్ స్కూల్ హెడ్‌మాస్టర్‌తో ఏడాది మొదట్లోనే మాట్లాడుకుంటే సిలబస్‌కు ఇబ్బంది లేకుండా కుదురుతుంది.

బయట: మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. యూనివర్సిటీల్లోని పాత హెచ్‌ఆర్‌డీసీలే (మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలే) ఇప్పుడు దాని కేంద్రాలు. కొత్తవారికి ఇండక్షన్, అనుభవం ఉన్నవారికి రిఫ్రెషర్, ఆన్‌లైన్‌లో విద్యా విధానంపై చిన్న కోర్సులు ఉంటాయి. స్వయం పోర్టల్ కోర్సులు, మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ కార్యక్రమాలు కూడా చూడండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రయాణ ఖర్చు కాలేజీ భరించాలి, ఆ రోజులను ఆన్‌డ్యూటీగా లెక్కించాలి.

తిరిగి వచ్చినవారు చేయాల్సినవి రెండు: ఒక పేజీ నివేదిక, నేర్చుకున్న ఒక అంశాన్ని తన క్లాసులో చేసి చూపించడం.

నెట్, పీహెచ్‌డీ: నెట్ లేనివారికి పరీక్షకు ముందు నెల రోజులు అదనపు పనులు తగ్గించండి. పీహెచ్‌డీ చేస్తున్నవారికి వారంలో ఒక పూట ఖాళీ ఇవ్వండి. ప్రచురణల విషయంలో జాగ్రత్త. నమ్మదగిన పరిశోధన పత్రికలను చూపే యూజీసీ కేర్ జాబితా 2025లో రద్దయింది. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు ఎదురుచూస్తున్నాయి. సమీక్షకుల వ్యాఖ్యలు పంపని పత్రికలో వచ్చిన వ్యాసాన్ని లెక్కలోకి తీసుకోకూడదని కాలేజీ నియమం పెట్టుకోండి.

## 8. అప్రైజల్, రికార్డులు

అప్రైజల్‌లో మూడు వైపుల సమాచారం ఉండాలి: స్వీయ నివేదిక, విద్యార్థుల అభిప్రాయం, క్లాసు పరిశీలన. విద్యార్థుల అభిప్రాయం పేర్లు లేకుండా తీసుకోండి. ఫలితాన్ని ముందుగా ఆ అధ్యాపకుడితోనే, గది తలుపు వేసి మాట్లాడండి.

కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థ ఉపాధ్యాయ విద్యా సంస్థల మాన్యువల్‌లో అధ్యాపకుల వివరాలు 2.5లో, వారి సాధికారత 6.3లో ఉంటాయి. అయిదేళ్ల సమాచారం అడుగుతారు కాబట్టి ఏడాదికేడాది ఫోల్డర్ పెట్టుకోండి:

- మంజూరైన పోస్టులు, నిండిన పోస్టులు
- పీహెచ్‌డీ ఉన్నవారు, ఒక్కొక్కరి అనుభవం ఏళ్లు
- ఆర్థిక సహాయం పొందినవారు, రసీదులు
- కాలేజీ నిర్వహించిన కార్యక్రమాలు: అజెండా, హాజరు, ఫొటో, నివేదిక
- ఎఫ్‌డీపీ (అధ్యాపక వికాస కార్యక్రమం) సర్టిఫికెట్లు

ఎన్‌సీటీఈకి పంపే పనితీరు నివేదికలో, న్యాక్ నివేదికలో, మీ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల సంఖ్య ఒకటే ఉండాలి. మూడు చోట్లా మూడు లెక్కలు ఉంటే సందేహం రావడం సహజం.

## 9. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

ఇన్‌ఛార్జ్ ప్రిన్సిపాల్‌తో ఏళ్లు గడపడం. ఉన్న సీనియర్‌కు పీహెచ్‌డీ తక్కువైతే, ఆయన పూర్తిచేయడానికి గడువు పెట్టుకుని ఈలోగా నోటిఫికేషన్ ఇవ్వండి.

రాటిఫికేషన్ ఆలస్యం. నియామకం జరిగిన వారంలోనే ఫైల్ పంపండి. రసీదు నంబరు భద్రంగా ఉంచుకోండి. జాప్యం జరిగితే రిమైండర్ కాపీలే మీకు ఆధారం.

వ్యాయామ ఉపాధ్యాయుడికి బి.పి.ఎడ్. మాత్రమే ఉండటం. మంచి మనిషైతే వదులుకోకండి. ఎం.పి.ఎడ్. చేయడానికి సెలవు ఇవ్వండి. పోస్టును మాత్రం అర్హులతో నింపండి.

ఎఫ్‌డీపీలన్నీ ఒకరిద్దరికే. ఎక్కువసార్లు వెళ్లేది ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవారే. వరస జాబితా పెట్టండి. తెలుగులో జరిగే శిక్షణలను కూడా సమానంగా లెక్కించండి.

సెలవు రోజుల్లోనే శిక్షణలు. చిన్న పిల్లలున్న తల్లులు ఎప్పుడూ వెనకబడతారు. పని గంటల్లో పెట్టండి.

అద్దె సర్టిఫికెట్లు, అంటే కాలేజీకి రాని మనిషి సర్టిఫికెట్లు తెచ్చి లిస్టులో చూపడం. దీనికి సవరణ లేదు. ఆ పేర్లు తీసేసి, ఖాళీలు ఖాళీలుగానే చూపించి, నోటిఫికేషన్ ఇవ్వండి.

## 10. ఎవరైనా మానేసినప్పుడు

రాజీనామా రాగానే కారణం అడిగి రాసుకోండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, బకాయి జీతం ఆఖరి పనిదినానే ఇవ్వండి. గడచిన మూడు నెలల్లో చేరినవారి, మానేసినవారి పేర్లు వెబ్‌సైట్‌లో ఉండాలన్నది ఎన్‌సీటీఈ షరతు కాబట్టి ఆ పేజీ అదే వారం మార్చండి. యూనివర్సిటీకి సమాచారం పంపండి. వాళ్ల దగ్గరున్న ఇంటర్న్‌షిప్ విద్యార్థులను వేరే పర్యవేక్షకుడికి పేరుపేరునా అప్పగించి, ఆ స్కూల్ హెడ్‌మాస్టర్లకు ఫోన్ చేసి చెప్పండి. ఖాళీ నోటిఫికేషన్ పదిహేను రోజులు దాటకుండా ఇవ్వండి.